నేను తుడిచేసిన ఇల్లు

ప్రత్యేక పాఠశాలల్లో టీచర్లుగా కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు రాయగడలో మా ఇంటికి వస్తుంటారు. "మేడం, పిల్లలు చేసిన బొమ్మలతో ఎగ్జిబిషన్ పెడుతున్నాం, నాలుగు చిట్కాలు చెప్పండి" అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళు చేతిపనుల టీచరుగా చేశాను కాబట్టి నా దగ్గర చిట్కాల మూట ఉంటుందని వాళ్ళ నమ్మకం. టీ ఇస్తాను, బిస్కెట్లు పెడతాను, ఆ తర్వాత ఈ సంగతి చెబుతాను. విన్నాక చాలామంది నోట్‌బుక్కు మూసేస్తారు. రాసుకోవడానికి ఇందులో చిట్కాలేమీ ఉండవు, నేను చేసిన ఒక వెధవ పని తప్ప. పేర్లు మాత్రం అడక్కండి. ఎవరి పేరూ రాయను, నా పేరుతో సహా.

మా నాన్నగారు రైల్వే ఉద్యోగం మీద విజయనగరం వైపు నుంచి రాయగడ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. మా ఇళ్ళల్లో ఆడపిల్లలకు అప్పట్లో రెండే దారులు, నర్సు లేకపోతే టీచరు. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి కనక టీచర్నయ్యాను. చూపులేని పిల్లల బడిలో పోస్టు దొరికింది. ఒడియా పిల్లలు, దేశియా మాట్లాడే కొండ ఊళ్ళ పిల్లలు, మనవాళ్ళ పిల్లలు, అందరూ హాస్టల్లోనే ఉండేవాళ్ళు. నేను మట్టిపని, చాపలల్లడం, వెదురుపని నేర్పేదాన్ని.

నా చెయ్యి చాలా నీటు అని అందరూ అనేవారు. ఆ మాట విని విని నేనూ నమ్మేశాను. దుప్పటికి ముడత ఉంటే నాకు నిద్ర పట్టదు. అలాంటిదాన్ని మట్టిపని టీచర్ని చేస్తే ఏమవుతుంది? పిల్లలు చేసిన ప్రతి బొమ్మకీ ప్రదర్శన ముందు నేను ఫినిషింగ్ ఇచ్చేదాన్ని. వంకర మెడ సరిచేసేదాన్ని, వేలిముద్రలు తడిగుడ్డతో తుడిచేదాన్ని, ఆరాక రంగులు వేసేదాన్ని. ఇది నేనొక్కదాన్నే చేసిన పాపం అనుకోకండి. అన్ని బడుల్లోనూ జరిగేది. వచ్చిన పెద్దలు "అరే, వీళ్ళు చేశారంటే నమ్మలేం" అనేవారు. నమ్మకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు, సగం నేనే చేశాను కదా.

ఇక అసలు సంగతికి వస్తాను. మా బడిలో ఒక పదమూడేళ్ళ పిల్ల ఉండేది. పుట్టుకతోనే చూపు లేదు. తండ్రి తెరుబలి ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర టెక్నీషియను, అక్కడే క్వార్టర్సులో కాపురం. అసలు వాళ్ళది పలాస పక్క ఊరు. దసరా సెలవులు అయ్యాక పిల్లను దింపడానికి వచ్చినప్పుడు ఆయన వరండాలో నిలబడి నాతో సూటిగా చెప్పేశాడు.

"టీచరమ్మగోరూ, క్రిస్మస్ సెలవులకి పిల్లని తీసుకెళ్ళిపోతాను, మరి పంపను. సుక్కలు తడుముకుని ఎంత సదివితే మాత్రం ఉజ్జోగం ఎవడిస్తాడు సెప్పండి? ఊర్లో మా అమ్మున్నాది. ఇంటికాడే జీడిపిక్కలు కొడతారు. కూకుని సేసే పని, కళ్ళతో పన్నేదు."

జీడిపిక్కల సంగతి నాకు తెలుసు. మా పెద్దమ్మ ఊళ్ళో ఆ పని చేసే ఆడవాళ్ళ చేతులు నేను చూశాను. పిక్క పగలగొడితే కారే నూనె చర్మాన్ని కాలుస్తుంది. బూడిద రాసుకున్నా సరే, కొన్నాళ్ళకి వేళ్ళ కొసలు నల్లబడి, పొరలు లేచి, మొద్దుబారిపోతాయి. ఈ పిల్ల బ్రెయిలీ చుక్కలు చదివేది వేళ్ళతో, మనిషిని గుర్తుపట్టేది వేళ్ళతో. ఆ కొసలు పోతే ఆమెకి మిగిలేదేమిటి? ఆ మాటే ఆయనకి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, నా మాట కొట్టిపారేయలేదు.

"కోరాపుట్ మేళాకి మీ బడోళ్ళు ఎల్తారు కదా. లీవెట్టి వస్తాను. నా కూతురు సొంతంగా ఏటి సేసిందో కళ్ళారా సూస్తాను. సూసింతరవాత మీ మాట ఇంటాను" అన్నాడు.

పిల్ల తలుపు వెనక నిలబడి అంతా వింది. తండ్రి వెళ్ళగానే నా దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, నాకు పెద్ద పలక కావాలి, పీటంత" అంది.

కుమ్మరి వీధి నుంచి తెప్పించిన మంచి మట్టితో పీటంత పలక పరిచి ఇచ్చాను. తొమ్మిది రోజులు దాని మీదే పడింది. ఏం చేస్తోందో నాకు అర్థం కాలేదు. గోనెముక్క అద్దేది. దువ్వెన పళ్ళు గుచ్చేది. గాజు నొక్కి తీసేది. ఒకరోజు వాచ్‌మన్ సైకిలు హ్యాండిలు పట్టుకుని పది నిమిషాలు అలాగే నిలబడి, వచ్చి పలక మూల ఏవో గీతలు పెట్టింది. "ఏంటమ్మీ ఇది?" అంటే, "అయిపోయాక సెప్తాను టీచరమ్మా" అనేది.

అయిపోయిన రోజు వచ్చింది కూడా. "టీచరమ్మా, అయిపోనాది. ఇప్పుడు సెప్పనా?" అంది. నేను చార్టు ముక్కల మీద లేబుళ్ళు రాస్తున్నాను, ప్రయాణం మర్నాడే. "ఇప్పుడు కాదమ్మీ, పనిలో ఉన్నాను, తర్వాత చెబుదువు" అన్నాను. సర్వీసంతటిలో నేను వెనక్కి తీసుకోవాలనుకునే మాట ఏదైనా ఉందంటే అదే.

ఆ మధ్యాహ్నం పిల్లలంతా సంగీతం క్లాసుకి వెళ్ళాక పలక ముందేసుకుని కూర్చున్నాను. సగం ఆరిన మట్టి. ఒకచోట ఎత్తు, ఒకచోట గుంట, ఒకచోట గీకుళ్ళు. తండ్రి వచ్చి చూస్తాడు, ఇది చూపిస్తే అటునుంచి అటే తీసుకుపోతాడు అనుకున్నాను. నమ్మండి, ఆ పిల్ల మీద ప్రేమతోనే చేశాను. చాకుతో ఎత్తులు చెక్కేశాను, తడిగుడ్డతో మొత్తం తుడిచాను, వేలు పెడితే జారేంత నున్నగా. పొద్దున్నకి ఆరింది. పచ్చరంగుతో పొలం వేశాను, వెనక కొండ, పైన సూర్యుడు. అడుగున పిల్ల పేరుతో చక్కటి లేబులు అంటించాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

రాయగడ నుంచి కోరాపుట్‌కి రైల్లో బయల్దేరాం. ఆ దారంతా కొండలు, సొరంగాలు. మా పిల్లలకి సొరంగాలంటే పండగే. చక్రాల చప్పుడు మారగానే, చల్లగాలి ముక్కుకి తగలగానే "ఒకటి! రెండు!" అని లెక్క. చూపున్న నేను ఏదో ఆలోచిస్తూ రెండు సొరంగాల లెక్క తప్పాను, వాళ్ళు ఒక్కటీ వదల్లేదు. పలక నా ఒళ్ళోనే పెట్టుకున్నాను, ఎవరి మోచెయ్యీ తగలకుండా, గడ్డి చుట్టి, దుప్పటి కప్పి. పిల్ల పక్కనే కూర్చుని రెండుసార్లు అడిగింది.

"టీచరమ్మా, ఓసారి ముట్టుకుంటాను."

"ప్యాక్ చేసేశానమ్మీ, అక్కడ చూద్దువుగాని."

స్టాలు దగ్గర నా నీటుతనం ఇంకో మెట్టు ఎక్కింది. ముందు ఏడాది రాయగడలో ప్రదర్శన పెడితే జనం బొమ్మల్ని ఎత్తి చూసి, ఫొటోలు దిగి, ఏనుగు తొండం విరగ్గొట్టారు. అందుకని ఈసారి బల్లల ముందు తాడు కట్టించాను. పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి పెట్టాను. హెడ్మాస్టరు గారు కటక్ వైపు మనిషి, తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడలేరు. ఆయన చూసి "బహుత్ అచ్ఛా మేడం" అన్నారు.

మా సంగీతం మాస్టారుది పార్వతీపురం. ఆయనకీ చూపు లేదు. నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను చెల్లెమ్మా అనే పిలిచేవారు. పొద్దున్నే కర్ర తాటించుకుంటూ స్టాల్లోకి వచ్చి, సరిగ్గా ఆ తాడుకి పొట్ట తగిలి ఆగిపోయారు.

"ఏటి సెల్లెమ్మా, తాడు కట్టేరు? ఇక్కడేటి పశువుల్ని కట్టీస్తారేటి?"

"బొమ్మలు పాడవకుండా మాస్టారూ. బోర్డు కూడా పెట్టాను."

"బోర్డు మీద ఏటి రాసేరు?"

"ముట్టుకోరాదు అని."

ఆయన మొదట చిన్నగా నవ్వారు. తర్వాత కర్ర పట్టుకుని వంగి వంగి నవ్వారు. పక్క స్టాలు వాళ్ళు తొంగిచూశారు.

"మరి మన పిల్లలు ఎలా సూస్తారు సెల్లెమ్మా, ఆళ్ళ బొమ్మల్ని?"

నాకు ఒళ్ళు మండింది. "వాళ్ళు బడిలో చూసేశారు కదండీ" అన్నాను. ఆయన తాడు పట్టుకుని, తడుముకుంటూ అవతలి చివరికి వెళ్ళి హార్మోనియం దగ్గర కూర్చున్నారు.

పదకొండు ప్రాంతంలో తండ్రి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన జుట్టు, చేతిలో జామపళ్ళ సంచి. ఫర్నేసు వేడికి కనుబొమ్మలు ఊడిపోయిన ముఖం ఆయనది. గొంతు వినగానే పిల్ల ఎగిరి గంతేసింది.

"నాన్నా, రా, సూపిస్తాను. నేనొక్కద్దాన్నే సేసేను" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. నేను తాడు ఎత్తి పట్టుకున్నాను. పలక దగ్గరికి నేనే నడిపించాను. ఆయన చూసి, "బాగున్నాదే, పొలం, కొండ... అచ్చం ఉన్నట్టున్నాది" అన్నాడు. పిల్ల ముఖంలో నవ్వు ఆగింది. "పొలమేటి?" అని పలక మీద చెయ్యి పెట్టింది. ఒక కొస నుంచి రెండో కొస దాకా తడిమింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"టీచరమ్మా, ఇది నాది కాదు."

హెడ్మాస్టరు గారు నా వెనకే ఉన్నారు. ప్రారంభోత్సవానికి పెద్ద ఆఫీసర్లు వస్తున్నారని కబురు అప్పుడే అందింది. "ఛాడన్తు మేడం, ఛాడన్తు" అన్నారు నెమ్మదిగా. వదిలేయండి, ఇప్పుడు గొడవ వద్దు అని.

అప్పుడు నేను అబద్ధమాడాను. కొత్త టీచర్లు వినాల్సింది ఇక్కడే.

"నీదే అమ్మీ. ఆరింది కదా, ఆరితే అలాగే అనిపిస్తుంది" అన్నాను.

ఆ పిల్ల నన్ను అనుమానించలేదు. తన చేతుల్ని అనుమానించింది. "నాదేనా?" అని గొణుక్కుంటూ మళ్ళీ తడిమింది, రెండు చేతులతో, అంచులు, మూలలు, మధ్యలో. వేళ్ళు ఒకదానికొకటి రాసుకుని, మళ్ళీ తడిమింది. తను పెట్టిన ఎత్తుల కోసం, గుంటల కోసం వెతుకుతోందని నాకు తెలుసు, అవి అక్కడ లేవనీ తెలుసు. తండ్రి పిల్లకేసి జాలిగా చూశాడు. తను చేసింది తనే గుర్తుపట్టలేని పిల్లకి ఇంక చదువెందుకు అన్న ఆలోచన ఆ ముఖంలో నాకు కనబడిపోయింది.

హార్మోనియం ఆగింది. మాస్టారు అక్కడినుంచే, ఏ కోపమూ లేకుండా, "సెల్లెమ్మా, ఆ పలక మీంచి రంగు వాసనొస్తున్నాది. పిల్ల రంగెయ్యదు కదా" అన్నారు.

పిల్ల ముందు నేల మీద కూర్చుండిపోయాను.

"అమ్మీ, నీ చేతులు చెప్పిందే నిజం. నీది నేనే తుడిచేశాను. చాకుతో చెక్కి, తడిగుడ్డతో తుడిచి, పైన నా బొమ్మ వేశాను. ఇది నీది కాదు, నాది" అన్నాను. తండ్రికి కూడా వినబడేలా, హెడ్మాస్టరు గారికీ వినబడేలా అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. నలభై దాటిన టీచరు మేళాలో నేల మీద కూర్చుని ఏడిస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పిల్ల ఏడవలేదు. "తుడిసేముందు అడగొచ్చు కదా టీచరమ్మా" అంది. అంతే. తర్వాత, "మట్టి ఉన్నాదా?" అని అడిగింది.

ఉంది. వచ్చినవాళ్ళ ముందు పిల్లలు చిన్న చిన్న బొమ్మలు చేసి చూపించడానికి ఒక బక్కెట్టు మట్టి తెచ్చాం, పైన తడిగోనె కప్పి. పీట లేదు. నేను బోర్డు పీకి కింద పరిచాను. ముట్టుకోరాదు అన్న అక్షరాల మీదే మట్టి పరిచాం. పిల్ల దాని ముందు కూర్చుంది, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుంది. మాస్టారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యేసి, "కళ్ళు మూసుకోవయ్యా. నువ్వు సూస్తే నీకేటీ కనబడదు" అన్నారు.

కాస్త మట్టి మలిచి, తండ్రి వేలు పట్టుకుని పిల్ల దాని మీద పెట్టింది. ఆయనకేమీ తెలియలేదు. ఏళ్ళ తరబడి వేడి ఇనుము పట్టిన చేతులు, కాయలు కాసి ఉన్నాయి. "అది కాదు, సిటికినేలు పెట్టు. అది మెత్తగుంటాది" అంది. తండ్రి వేళ్ళలో ఏది మెత్తనో కూడా ఆ పిల్లకి తెలుసు.

రెండు గంటలు పట్టింది. తొమ్మిది రోజుల పని కదా, అంత వివరంగా రాలేదు. బక్కెట్టు మీది గోనెనే అద్దింది, నా గాజు అడిగి తీసుకుంది. మధ్యలో ఆఫీసర్లు వచ్చారు, చుట్టూ నిలబడి చూసి వెళ్ళారు. తండ్రీకూతుళ్ళు తలెత్తలేదు. మట్టి ఆరిపోతోందంటే హెడ్మాస్టరు గారే మగ్గుతో నీళ్ళు తెచ్చి ఇచ్చారు.

"ఇదేటి సెప్పు?" అంది పిల్ల.

ఆయన చిటికెనవేలు నెమ్మదిగా కదిలింది. "మెట్టు... రెండు మెట్లు. రెండోది మూల ఇరిగున్నాది. ఓలమ్మో, మన కోటర్సు!" కళ్ళు తెరవబోతే మాస్టారు తెరవనివ్వలేదు. "ఇది గోనిపట్టా. ఇది నీళ్ళ డ్రమ్ము. ఇవి గీతలు... నా సైకిలు హేండిలు!" చిన్నపిల్లాడిలా అరుస్తున్నాడు. చివరికి గుమ్మం బయట వేలు ఆగింది. ఒకదాని మీద ఒకటి మూడు గుండ్రాలు.

"ఇది నా అన్నం కేరియరు. ఇది బయటెందుకెట్టేవే?"

"మంచిగున్న రోజు కేరియరు లోపలికి తెస్తావు. కోపమొచ్చిన రోజు గుమ్మంకాడే దించీసి, కుళాయికాడికి ఎల్లిపోతావు. ఆ సప్పుడు ఇంటే నాకు తెలిసిపోతాది."

"మరి, ఇది ఏ రోజుది?"

"దసరా సెలవుల్లోది. నన్ను నాన్నమ్మకాడికి పంపీసేద్దామని అమ్మతో అన్నావు కదా, ఆరోజు."

ఆయన వేలు ఆ మూడు గుండ్రాల మీదే ఉండిపోయింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"అమ్మీ, ఆ కేరియరు తీసి లోపలెట్టీ."

పిల్ల మూడు గుండ్రాల్నీ జాగ్రత్తగా ఊడదీసి, గుమ్మం దాటించి, లోపల పెట్టి వేలితో అదిమింది.

క్రిస్మస్ సెలవులకి ఆయన వచ్చి పిల్లని తీసుకెళ్ళాడు, ఆరిన పలకని కూడా. సెలవులయ్యాక పిల్లని వెనక్కి తెచ్చాడు, పలకని తేలేదు. టీవీ మీద పెట్టారట. డ్యూటీ నుంచి రాగానే చేతులు కడుక్కుని ఓసారి చిటికెనవేలు పెట్టి చూస్తాడని పిల్ల చెప్పింది.

ఆ తర్వాత నా సర్వీసులో పిల్లల బొమ్మ మీద చాకు పెట్టలేదు. ఆ ఏడాది నుంచి మా ప్రదర్శనలు చాలా వికారంగా ఉండేవి. వచ్చిన పెద్దలు "ఇంకొంచెం నీటుగా పెట్టొచ్చు కదా మేడం" అనేవారు. కళ్ళు మూసుకుని ముట్టుకోండి సార్ అనేదాన్ని. కొందరు నవ్వేసి వెళ్ళిపోయేవారు. కొందరు మాత్రం గంటసేపు కదిలేవారు కాదు. ఏనుగు తొండాలు ఏటా విరిగేవి, ఏటా కొత్తవి చేసుకునేవాళ్ళం. మాస్టారు ఇప్పుడు లేరు. ఆ బోర్డు మా ఇంట్లో బియ్యం డబ్బా మీద మూతగా ఉంది. దానికి ఇంకా కొంచెం మట్టి అంటుకునే ఉంది.

ఇప్పుడు మా బడిలో చేతిపనులు నేర్పేది ఆ పిల్లే. నా పోస్టులోకే వచ్చింది. నేను రిటైరైన రోజు అందరూ శాలువలు కప్పాక, తను పీటంత మట్టి పలక తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "కళ్ళు మూసుకోండి టీచరమ్మా" అంది. మూసుకున్నాను. ఇన్నేళ్ళకి నా వేళ్ళకీ కాస్త చదువొచ్చింది. గడప, కిటికీ ఊచలు, బల్లల వరస, మూలన మట్టి తొట్టి, దాని మీద గోనె గరుకు. మా చేతిపనుల గది! ఒక్కొక్కటే పైకి చెబుతూ వెళ్ళాను. కిటికీ పక్కన, ఇరవై తొమ్మిదేళ్ళు నేను కూర్చున్న చోటికి వచ్చేసరికి వేలు జారింది. అక్కడేమీ లేదు. అరచేతి మేర ఉత్త నునుపు.

"ఇదేంటమ్మీ, నా కుర్చీ మర్చిపోయావా?" అన్నాను, కొంచెం మనసు నొచ్చుకుని.

"మర్సిపోనేదు టీచరమ్మా. తడిగుడ్డెట్టి బాగా తుడిసేను. అది మీరే."

గదంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను, కళ్ళు మాత్రం చాలాసేపు తెరవలేదు.